మూలానికి విధేయత: గృహ శ్రవణ ఆంప్లిఫయర్ చరిత్ర (1927-1978)

వ్యాస సంగ్రహం

ఇంట్లో సంగీతం వినడానికి వాడే ఆంప్లిఫయర్‌కు ‘హై ఫిడెలిటీ’ అనే విశేషణం 20వ శతాబ్దం నడుమ స్థిరపడింది. ఫిడెలిటీ అంటే విధేయత, మూలనిష్ఠ. నైతికమైన ఈ మాట ఒక యంత్రానికి గుణంగా, ఆ తరువాత శాతాల్లో చెప్పే కొలతగా ఎలా మారిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. 1927లో హెరాల్డ్ బ్లాక్ ప్రతిపాదించిన రుణాత్మక ఫీడ్‌బ్యాక్ సూత్రం, 1947లో డి.టి.ఎన్. విలియంసన్ ప్రచురించిన ఆంప్లిఫయర్ రచన, 1960, 70 దశకాల్లో ట్రాన్సిస్టర్ల రాకతో తలెత్తిన వివాదాలు ఇందులో ప్రధానాంశాలు. విధేయతను కొలిచే సంఖ్య తనంతట తాను ప్రమాణం కాదనీ, దాన్ని ఏ షరతుల్లో కొలిచారో చెప్పి ఇతరుల పరీక్షకు పెట్టినప్పుడే అది ప్రమాణమైందనీ ఈ వ్యాసం నిరూపించడానికి ప్రయత్నిస్తుంది.

కీలక పదాలు: హై ఫిడెలిటీ, ఆంప్లిఫయర్, వక్రీకరణ, రుణాత్మక ఫీడ్‌బ్యాక్, విలియంసన్, శ్రవణ పరీక్ష, సాంకేతిక రచన.

1. ప్రవేశిక

అనువాద విమర్శలో మూలవిధేయత అనే మాట తరచుగా వినిపిస్తుంది. ప్రాచీన కావ్య పరిష్కరణలోనూ మౌలికమైన ప్రశ్న ఇదే. మూలం ఒకటి ఉంది. దాన్ని మనకు అందించే ప్రతి మరొకటి ఉంది. ఈ రెండింటికీ మధ్య ఎంత దూరముందో ఎలా తెలుసుకోవాలి? తాళపత్ర ప్రతులను ఒక తరం నుంచి మరొక తరానికి ఎత్తి రాసుకొన్నప్పుడు ప్రతి లేఖకుడూ తన వంతు దోషాలను చేర్చాడు. ముందున్న దోషం పోలేదు, కొత్తది వచ్చి కలిసింది. పరిష్కర్తల శ్రమ అంతా ఈ పేరుకుపోయిన దోషాలతోనే.

ధ్వని పునరుత్పాదన చరిత్రలోనూ సమస్య ఇదే రూపంలో కనిపిస్తుంది. కచేరీలో పుట్టిన ధ్వని మైక్రోఫోన్, రికార్డు, పికప్, ఆంప్లిఫయర్, లౌడ్‌స్పీకర్ అనే వరుసలో ప్రయాణించి ఇంట్లోని శ్రోతను చేరుతుంది. ప్రతి దశా ఒక లేఖకుడి వంటిదే. ఈ వరుసలో ముందుగా దాదాపు నిర్దుష్టమైన స్థితికి చేరినది ఆంప్లిఫయర్. అది ఎలా సాధ్యమైందన్న ప్రశ్నకు సమాధానం సాంకేతిక చరిత్రలో మాత్రమే దొరకదు. ఆ జ్ఞానాన్ని ఎలా రాశారు, ఎలా పంచుకొన్నారు, దానిపై ఎలా వాదించారు అన్న విషయాలను కూడా చూడవలసి ఉంటుంది.

‘హై ఫిడెలిటీ’ అన్న పదబంధాన్ని 1927లో తానే పుట్టించానని ఆంగ్ల ఇంజనీరు హెచ్.ఎ. హార్ట్‌లీ తరువాతి కాలంలో చెప్పుకొన్నాడు. ఆ మాట ఎవరిదైనా, దానికి కొలవదగిన అర్థాన్ని ఇచ్చిన సూత్రం కూడా అదే ఏడాది పుట్టింది.

2. ప్రవర్ధనం, వక్రీకరణ: సమస్య స్వరూపం

గ్రామఫోన్ రికార్డుపై నడిచే అయస్కాంత పికప్ ఇచ్చే విద్యుత్ సంకేతం వోల్టులో కొన్ని వెయ్యో వంతులు మాత్రమే. లౌడ్‌స్పీకర్‌ను కదిలించడానికి అది చాలదు. 8 ఓముల లౌడ్‌స్పీకర్‌కు 15 వాట్ల శక్తి అందాలంటే దాదాపు 11 వోల్టులు కావాలి. అంటే సంకేతం రెండువేల రెట్లు పెరగాలి. పెరుగుదల ఎంత ఉన్నా ఆకృతి మారకూడదు. ఆంప్లిఫయర్ చేయవలసిన పని ఇంతే.

1906లో అమెరికాకు చెందిన లీ డి ఫారెస్ట్ రూపొందించిన ఆడియాన్ వాల్వు ఈ పనికి దారి తీసింది. అయితే వాల్వు లోనికి వెళ్లే వోల్టేజికీ బయటికి వచ్చే విద్యుత్ ప్రవాహానికీ ఉన్న సంబంధాన్ని గ్రాఫుగా గీస్తే అది సరళరేఖ కాదు, వంపు తిరిగిన రేఖ. ఈ వంపు వల్ల మూలంలో లేని కొత్త ధ్వనులు పుడతాయి. 1000 హెర్ట్‌జ్‌ల స్వరం లోనికి వెళితే దానితోపాటు 2000, 3000, 4000 హెర్ట్‌జ్‌ల ధ్వనులు కూడా బయటికి వస్తాయి. వీటిని హార్మోనిక్‌లు అంటారు. వాస్తవాల వక్రీకరణ అని మనం వాడుకలో అనే మాట ఇక్కడ అక్షరాలా సరిపోతుంది. గ్రాఫు రేఖ వంగినందువల్ల పుట్టిన అసత్యమిది.

అన్ని అసత్యాలూ చెవికి ఒకే విధంగా తోచవు. మన సంగీత పరిభాషలో చెబితే, షడ్జమానికి రెండో హార్మోనిక్ పై స్థాయి షడ్జమమే. మూడోది ఆ పై స్థాయి పంచమం. ఇవి అసలు స్వరంతో కలిసిపోతాయి. ఏడో హార్మోనిక్ మాత్రం మన పన్నెండు స్వరస్థానాలలో దేనిమీదా సరిగ్గా నిలవదు. అది అపస్వరంగా తోస్తుంది. రెండు స్వరాలు ఒకేసారి వెళ్లినప్పుడు పరిస్థితి ఇంకా విషమిస్తుంది. 1000, 1100 హెర్ట్‌జ్‌ల స్వరాలు కలిసి వెళితే వాటి భేదమైన 100, మొత్తమైన 2100, ఇంకా 900, 1200 వంటి ధ్వనులు కూడా పుడతాయి. ఇవి ఆ స్వరాలకు సహజ బంధువులు కావు. గాత్రం ఒక్కటే వినిపిస్తున్నప్పుడు హాయిగా ఉన్న యంత్రం, వయొలిన్, మృదంగం కలవగానే గజిబిజిగా వినిపించడానికి కారణం ఇదే.

తొలి పరిష్కారాలు వాల్వుల ఎంపికలోనే ఉండేవి. వంపు తక్కువగా ఉండే ట్రయోడ్‌లను వాడటం, రెండు వాల్వులను ఎదురెదురుగా పనిచేయించే పుష్-పుల్ అమరికతో సరి సంఖ్య హార్మోనిక్‌లు ఒకదానినొకటి రద్దు చేసుకొనేలా చూడటం ఆనాటి పద్ధతులు. 1934లో బ్రిటన్ పత్రిక ‘వైర్‌లెస్ వరల్డ్’లో డబ్ల్యు.టి. కాకింగ్ ప్రచురించిన క్వాలిటీ ఆంప్లిఫయర్ ఈ మార్గానికి మంచి ఉదాహరణ. అందులో ఫీడ్‌బ్యాక్ లేదు. వాల్వు స్వభావం ఎంతవరకు సహకరిస్తే అంతవరకే విధేయత.

3. బ్లాక్ సూత్రం: వృద్ధిని వదులుకొని విధేయతను పొందడం

రుణాత్మక ఫీడ్‌బ్యాక్ సంగీత శ్రోతల కోసం పుట్టలేదు. దూర ప్రాంతాల టెలిఫోన్ లైన్ల కోసం పుట్టింది. వేల కిలోమీటర్ల లైనులో సంకేతం క్షీణిస్తూ పోతుంది కనుక దారి పొడవునా ఆంప్లిఫయర్లు పెట్టాలి. ఒక్కొక్కటి స్వల్పంగా వక్రీకరించినా, వరుసగా పదులకొద్దీ ఆంప్లిఫయర్లు దాటేసరికి మాట అర్థం కాకుండా పోతుంది. పైన చెప్పుకొన్న తాళపత్ర ప్రతుల సమస్యకు ఇది యంత్ర రూపం.

హెరాల్డ్ బ్లాక్ ఈ సమస్యపై అమెరికాలోని వెస్టర్న్ ఎలక్ట్రిక్‌లోనూ, అనంతరం బెల్ ప్రయోగశాలలోనూ కొన్నేళ్లు పనిచేశాడు. 1927 ఆగస్టు 2న హడ్సన్ నది దాటే పడవలో ఉద్యోగానికి వెళుతుండగా ఆయనకు పరిష్కారం తట్టింది. చేతిలోని న్యూయార్క్ టైమ్స్ దినపత్రిక పుటపైనే దాన్ని రాసి సంతకం చేశాడు. అంతకుముందు అందరూ వక్రీకరించని వాల్వు కోసం వెతికారు. వాల్వు వక్రీకరించక తప్పదని బ్లాక్ ఒప్పుకొన్నాడు. దానికి బదులు, బయటికి వచ్చిన సంకేతంలో కొంత భాగాన్ని వెనక్కి తెచ్చి, వ్యతిరేక దిశలో లోనికి కలపమన్నాడు. నివేశానికీ నిర్గమానికీ మధ్య తేడా ఏమాత్రం ఉన్నా, ఆ తేడాయే దిద్దుబాటు సంకేతంగా పనిచేస్తుంది.

ఒక లెక్కతో ఇది స్పష్టమవుతుంది. ఒక ఆంప్లిఫయర్ సంకేతాన్ని 10,000 రెట్లు పెంచుతుందనుకొందాం. దాని నిర్గమంలో నూరో వంతును వెనక్కి తెచ్చి నివేశం నుంచి తీసివేస్తే, మొత్తం వృద్ధి 10,000ను 101తో భాగించగా వచ్చే 99 రెట్లకు పడిపోతుంది. వాల్వులు పాతబడి లోపలి వృద్ధి సగానికి, అంటే 5,000కు తగ్గినా, మొత్తం వృద్ధి 98 రెట్ల దగ్గరే నిలుస్తుంది. లోపల సగం పోయినా బయట కనిపించిన మార్పు ఒక్క శాతమే. ఒకే నిర్గమ స్థాయి దగ్గర వక్రీకరణ కూడా దాదాపు 101 రెట్లు తగ్గుతుంది. వృద్ధిలో అత్యధిక భాగాన్ని త్యాగం చేసి దానికి బదులుగా విధేయతను పొందడమే ఈ సూత్రం సారాంశం.

కష్టపడి సాధించిన వృద్ధిని కావాలని పోగొట్టుకోవడమన్న ఆలోచన ఆనాటి నిపుణులకు మింగుడుపడలేదు. 1928లో దాఖలు చేసిన అమెరికన్ పేటెంటు 1937 డిసెంబరు 21న గాని మంజూరు కాలేదు. దీనికి ఒక న్యాయమైన అభ్యంతరం కూడా ఉంది. సంకేతం ఆంప్లిఫయర్ గుండా వెళ్లి తిరిగి రావడానికి పట్టే కాలం వల్ల, కొన్ని పౌనఃపున్యాల దగ్గర వ్యతిరేక దిశలో రావలసినది అనుకూల దిశలో వచ్చి చేరుతుంది. అప్పుడు దిద్దుబాటు జరగకపోగా యంత్రం తనంతట తానే ఊళ వేయడం మొదలుపెడుతుంది. ఇది ఎప్పుడు జరుగుతుందో, ఎప్పుడు జరగదో హ్యారీ నైక్విస్ట్ 1932లో గణితపరంగా నిర్ధారించాడు. బ్లాక్ స్వయంగా 1934లో తన వ్యాసాన్ని ప్రచురించాడు. నైక్విస్ట్ నియమం లేకుండా బ్లాక్ సూత్రం ఆచరణకు వచ్చి ఉండేది కాదు. దిద్దేవాడికి మూలం ఆలస్యంగా చేరితే దిద్దుబాటే కొత్త దోషమవుతుందని ఆ నియమం చెబుతుంది. ఈ అంశం ఆరో భాగంలో మళ్లీ వస్తుంది.

4. విలియంసన్ రచన (1947)

టెలిఫోన్ లైన్ల సూత్రం ఇంటి గదిలోకి రావడానికి రెండు దశాబ్దాలు పట్టింది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో జలాంతర్గాముల ధ్వనులను గుర్తించే పని కోసం బ్రిటన్‌లోని డెక్కా సంస్థ విస్తృతమైన పౌనఃపున్యాలను నమోదు చేసే పద్ధతిని అభివృద్ధి చేసింది. ఆ పద్ధతితో వచ్చిన సంగీత రికార్డులలో దాదాపు 14,000 హెర్ట్‌జ్‌ల వరకు ధ్వని ఉండేది. అంతకుముందు రికార్డులలో లేని పై ధ్వనులు ఇప్పుడు వచ్చాయి కనుక, ఆంప్లిఫయర్ సృష్టించే అసత్య ధ్వనులు కూడా స్పష్టంగా బయటపడసాగాయి. 1945లోనే హెరాల్డ్ లీక్ తన ఆంప్లిఫయర్‌కు ‘పాయింట్ వన్’ అని పేరు పెట్టాడు. వక్రీకరణ 0.1 శాతమే అన్నది ఆ పేరుకు అర్థం. ఒక యంత్రానికి దాని దోష పరిమాణమే కీర్తినామం కావడం గమనార్హం.

1947 ఏప్రిల్, మే ‘వైర్‌లెస్ వరల్డ్’ సంచికల్లో డి.టి.ఎన్. విలియంసన్ రాసిన ‘డిజైన్ ఫర్ ఎ హై-క్వాలిటీ ఆంప్లిఫయర్’ వ్యాసం వెలువడింది. యుద్ధకాలంలో ఆయన మార్కోని-ఓస్రామ్ వాల్వుల సంస్థలో పనిచేస్తూ ఈ రూపకల్పన చేశాడు. తరువాత ఎడిన్‌బరోలోని ఫెరాంటీ సంస్థలో చేరాడు. కంప్యూటర్‌తో నడిచే యంత్ర పరికరాల రంగంలో కూడా ఆయన ప్రసిద్ధుడయ్యాడు.

వ్యాస నిర్మాణాన్ని పరిశీలిస్తే ఒక విశేషం కనిపిస్తుంది. విలియంసన్ సర్క్యూట్‌తో మొదలుపెట్టడు. ముందుగా మంచి ఆంప్లిఫయర్‌కు ఉండవలసిన లక్షణాలను నిర్వచిస్తాడు. గరిష్ఠ శక్తి వరకు వక్రీకరణ ఉపేక్షణీయంగా ఉండాలి. 10 నుంచి 20,000 హెర్ట్‌జ్‌ల వరకు వృద్ధి సమానంగా ఉండాలి. ఆ పరిధిలో దశాభేదం అత్యల్పంగా ఉండాలి. ఆకస్మిక ధ్వనులకు సరిగా స్పందించాలి. నిర్గమ నిరోధం తక్కువగా ఉండాలి. శక్తి నిల్వ తగినంత ఉండాలి. లక్షణం చెప్పి, తరువాత లక్ష్యాన్ని నిర్మించడమనే ఈ క్రమం మన లక్షణ గ్రంథాల పాఠకులకు కొత్తది కాదు. ఈ పద్ధతి వల్ల పాఠకుడికి రచయితను విమర్శించే సాధనం కూడా దక్కింది. ఫలితం నచ్చకపోతే, తప్పు లక్షణంలో ఉందో నిర్మాణంలో ఉందో అతను విడిగా చూడగలడు.

నిర్మాణంలో కేటీ66 వాల్వులు రెండింటిని ట్రయోడ్‌లుగా కలిపి పుష్-పుల్ పద్ధతిలో వాడాడు. శక్తి 15 వాట్లు, వక్రీకరణ 0.1 శాతం. ఫీడ్‌బ్యాక్‌ను లౌడ్‌స్పీకర్‌కు కలిసే ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ రెండో చుట్ట నుంచి తీసుకొని తొలి వాల్వుకు అందించాడు. దీనివల్ల ట్రాన్స్‌ఫార్మర్ దోషాలు కూడా దిద్దుబాటు పరిధిలోకి వచ్చాయి. చిక్కు కూడా ఇక్కడే ఉంది. ట్రాన్స్‌ఫార్మర్ అత్యల్ప, అత్యధిక పౌనఃపున్యాల దగ్గర సంకేతాన్ని ఆలస్యం చేస్తుంది కనుక నైక్విస్ట్ హెచ్చరించిన ఊళ పుట్టే ప్రమాదం ఉంది. అందుకని శ్రవణ పరిధిని ఎంతో మించి సక్రమంగా పనిచేసే ట్రాన్స్‌ఫార్మర్ కావలసి వచ్చింది. దాని చుట్టలను విభాగాలుగా చేసి ఒకదాని నడుమ ఒకటి పేర్చే వివరాలను విలియంసన్ వ్యాసంలో పొందుపరిచాడు.

ఆయన వాడిన ఫీడ్‌బ్యాక్ 20 డెసిబెల్‌లు, అంటే పది రెట్లు. దీని అర్థమేమిటో ఆలోచించాలి. ఫీడ్‌బ్యాక్ పదోవంతుకు తగ్గించగా మిగిలినది 0.1 శాతమైతే, ఫీడ్‌బ్యాక్ లేకముందే వక్రీకరణ దాదాపు ఒక శాతానికి మించలేదన్నమాట. కాకింగ్ కాలపు జాగ్రత్తను విలియంసన్ వదులుకోలేదు. మంచి ప్రతిని తయారుచేసి, దానిపై పరిష్కర్త చేయి వేయించాడు. చెడ్డ ఆంప్లిఫయర్‌ను ఫీడ్‌బ్యాక్‌తో కప్పిపుచ్చడం ఆయన మార్గం కాదు.

5. పాఠం, పాఠాంతరాలు

విలియంసన్ రూపకల్పన ఒక సంస్థ గోడల మధ్య ఉండిపోలేదు. పత్రికలో సమగ్రంగా అచ్చయినందువల్ల చేతిలో సోల్డరింగ్ ఇనుము ఉన్న ఎవరైనా దాన్ని తయారుచేసి, కొలిచి, రచయిత మాట నిజమో కాదో తేల్చుకోగలిగారు. 1949లో విలియంసన్ సవరించిన రూపాన్ని ప్రచురించాడు. అదే ఏడాది నవంబరులో అమెరికాలోని ‘ఆడియో ఇంజనీరింగ్’ పత్రికలో డేవిడ్ సార్సర్, మెల్విన్ స్ప్రింకిల్ ‘మ్యుజీషియన్స్ ఆంప్లిఫయర్’ పేరుతో దాని అమెరికన్ రూపాన్ని అందించారు. సార్సర్ ఎన్‌బీసీ సింఫనీ వాద్యబృందంలో వయొలిన్ కళాకారుడు. మూలం ఎలా వినిపిస్తుందో వేదికపై కూర్చుని ఎరిగినవాడే దాని ప్రతిరూపాన్ని తయారుచేయడానికి పూనుకోవడం ఈ చరిత్రలో ముఖ్య ఘట్టం.

ఒక పాఠం ప్రచారంలోకి వస్తే పాఠాంతరాలు పుట్టడం సహజం. 1951 నవంబరులో డేవిడ్ హాఫ్లర్, హెర్బర్ట్ కీరోస్ ‘అల్ట్రా-లీనియర్’ పద్ధతిని ప్రతిపాదించారు. ట్రయోడ్‌లో వంపు తక్కువ, శక్తి కూడా తక్కువ. టెట్రోడ్‌లో శక్తి ఎక్కువ, దోషం కూడా ఎక్కువ. వాల్వు తెరను ట్రాన్స్‌ఫార్మర్ తొలి చుట్టలో దాదాపు 43 శాతం చుట్ల దగ్గర కలిపితే రెండింటి మేలూ చాలావరకు దక్కుతుందని వారు చూపారు. ఈ తరహా అమరికకు ఇంగ్లండులో ఆలన్ బ్లుమ్‌లైన్ 1937 నాటికే పేటెంటు తీసుకొని ఉన్నాడు. 1953లో పీటర్ వాకర్ క్వాడ్ 2 ఆంప్లిఫయర్‌లో ట్రాన్స్‌ఫార్మర్ చుట్టలో కొంత భాగాన్ని వాల్వుల కాథోడ్ వైపు పెట్టి మరొక దారి చూపాడు. 1952 అక్టోబరు ‘వైర్‌లెస్ వరల్డ్’లో పీటర్ బాక్సండాల్ ఫీడ్‌బ్యాక్ సూత్రాన్నే మంద్ర, తారస్థాయి ధ్వనులను సర్దే మీటకు అన్వయించాడు. ఆయన ఆ సర్క్యూట్‌ను అందరికీ వదిలివేయగా, తరువాతి దశాబ్దాల్లో అది అసంఖ్యాకమైన ఆంప్లిఫయర్లలో చేరింది.

ఈ ఆరేళ్ల పరిణామం ఒక పత్రికా సంప్రదాయంపై ఆధారపడింది. రచయిత సర్క్యూట్‌తోపాటు కొలతలను, కొలిచిన షరతులను చెప్పేవాడు. పాఠకుడు నిర్మించి ఉత్తరం రాసేవాడు. తప్పు తేలితే తరువాతి సంచికల్లో సవరణ వచ్చేది. 0.1 శాతం అన్న సంఖ్యకు విలువ వచ్చింది ఈ తనిఖీ వల్లనే.

6. ట్రాన్సిస్టర్లు: సంఖ్య మోసగించిన వేళ

1947 డిసెంబరులో బెల్ ప్రయోగశాలలో ట్రాన్సిస్టర్ పుట్టింది. 1956లో హెచ్.సి. లిన్ ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండానే లౌడ్‌స్పీకర్‌ను నడిపే ట్రాన్సిస్టర్ సర్క్యూట్‌ను ప్రకటించాడు. 1958 నాటికి స్టీరియో రికార్డులు మార్కెట్లోకి వచ్చినందువల్ల ప్రతి ఇంటికీ ఒకటికి బదులు రెండు ఆంప్లిఫయర్లు అవసరమయ్యాయి. తేలికైన, చల్లగా ఉండే, చవకైన ట్రాన్సిస్టర్‌కు ఇది అనుకూలించింది. ట్రాన్స్‌ఫార్మర్ తొలగినందువల్ల ఎక్కువ ఫీడ్‌బ్యాక్ పెట్టడమూ సులువైంది. కాగితంపై వక్రీకరణ శాతాలు వాల్వుల కంటే మెరుగ్గా కనిపించాయి. అయినా తొలి ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయర్లు కర్కశంగా ఉన్నాయని చాలామంది శ్రోతలు ఫిర్యాదు చేశారు.

ఈ ఫిర్యాదుకు భౌతిక కారణం ఉంది. లిన్ తరహా సర్క్యూట్లలో సంకేతపు ధన భాగాన్ని ఒక ట్రాన్సిస్టర్, రుణ భాగాన్ని మరొకటి మోస్తాయి. ఒకటి వదిలి మరొకటి అందుకొనే చోట చిన్న తొట్రుపాటు ఏర్పడుతుంది. దీన్ని క్రాస్‌ఓవర్ వక్రీకరణ అంటారు. ధ్వని ఎంత పెద్దదైనా ఈ తొట్రుపాటు పరిమాణం దాదాపు ఒకేలా ఉంటుంది. ఉదాహరణకు అది వోల్టులో నూరో వంతు అనుకొంటే, 10 వోల్టుల సంకేతంలో 0.1 శాతమే, 0.1 వోల్టు సంకేతంలో 10 శాతం. పరీక్షలు గరిష్ఠ శక్తి దగ్గర జరిగేవి. ఇంట్లో సంగీతం అధికభాగం ఒక వాటు లోపునే వినిపించేది. కొలత నిజమే, కాని అది కొలిచిన స్థితి శ్రోత వినే స్థితి కాదు.

రెండో కారణం హార్మోనిక్‌ల జాతికి సంబంధించినది. బీబీసీ ఇంజనీరు డి.ఇ.ఎల్. షార్టర్ 1950లోనే దీన్ని గురించి హెచ్చరించాడు. అన్ని హార్మోనిక్‌లనూ కలిపి ఒకే శాతంగా చెప్పకూడదనీ, ప్రతి హార్మోనిక్‌నూ దాని క్రమసంఖ్య వర్గంలో నాలుగో వంతుతో గుణించి లెక్కించాలనీ ఆయన సూచన. ఆ ప్రకారం రెండో హార్మోనిక్ బరువు 1, మూడోదానికి 2.25, పదోదానికి 25. పైన చెప్పుకొన్న స్వరస్థానాల తర్కానికి ఇది గణిత రూపం. వాల్వు దోషం ప్రధానంగా రెండు, మూడు హార్మోనిక్‌లలో ఉంటుంది. క్రాస్‌ఓవర్ దోషం పై హార్మోనిక్‌లలోకి పాకుతుంది. షార్టర్ సూచన పరిశ్రమ వాడుకలోకి రాలేదు. ఒకే సంఖ్య ప్రకటనలకు అనుకూలంగా ఉండటమే అందుకు ప్రధాన కారణమని భావించవచ్చు.

ప్రకటనల ధోరణి శక్తి విషయంలో మరింత దిగజారింది. క్షణకాలం మాత్రమే ఇవ్వగల శక్తిని మ్యూజిక్ పవర్, పీక్ పవర్ వంటి పేర్లతో పెంచి చెప్పడం అమెరికాలో పరిపాటి అయింది. 1974లో ఆ దేశ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ జోక్యం చేసుకోవలసి వచ్చింది. రెండు చానళ్లూ ఒకేసారి పనిచేస్తుండగా, ఏ పౌనఃపున్య పరిధిలో, ఏ వక్రీకరణ శాతంతో ఎంత నిరంతర శక్తి వస్తుందో చెప్పాలనీ, కొలిచే ముందు యంత్రాన్ని ప్రకటిత శక్తిలో మూడో వంతు దగ్గర గంటసేపు నడపాలనీ నిబంధన విధించింది. షరతులు లేని సంఖ్యకు అర్థం లేదన్న విషయం ఈ విధంగా చట్టంలోకి ఎక్కింది.

ఇదే కాలంలో ఫిన్‌లాండుకు చెందిన మట్టి ఒటాలా 1970లో మరొక వాదాన్ని ముందుకు తెచ్చాడు. ఎక్కువ ఫీడ్‌బ్యాక్ ఉన్న ఆంప్లిఫయర్ నెమ్మదిగా స్పందించేదైతే, ఆకస్మిక ధ్వని వచ్చినప్పుడు దిద్దుబాటు చేరేలోపు తొలి దశ తట్టుకోలేక వక్రీకరిస్తుందని ఆయన నిరూపించాడు. నిలకడగా మోగే ఒకే స్వరంతో చేసే పరీక్షలో ఈ దోషం కనబడదు. ఆలస్యంగా వచ్చే దిద్దుబాటు గురించి నైక్విస్ట్ చెప్పినది ఇక్కడ మరో రూపంలో ఎదురైంది. ఒటాలా పరిశీలన సరైనదే అయినా, దాని నుంచి ఫీడ్‌బ్యాకే చెడ్డదన్న నమ్మకం శ్రోతల్లో కొందరికి ఏర్పడింది. తరువాతి పరిశోధన ఆ నమ్మకాన్ని నిలబెట్టలేదు. తొలి దశకు తగిన ఓర్పు, సర్క్యూట్‌కు తగిన వేగం ఉంటే ఫీడ్‌బ్యాక్ ఎక్కువైనా ఆ దోషం రాదని 1980లో బాబ్ కార్డెల్ వాదించాడు. అంతకుముందే 1978లో బాక్సండాల్ ఇంకొక సూక్ష్మాన్ని వివరించాడు. వెనక్కి వచ్చిన రెండో హార్మోనిక్ అదే వంపు గుండా మళ్లీ వెళ్లి అసలు స్వరంతో కలిసినప్పుడు, ముందు లేని మూడో హార్మోనిక్, ఇంకా పైవి పుడతాయి. అందువల్ల కొద్దిపాటి ఫీడ్‌బ్యాక్ కొన్ని దోషాలను పెంచుతుంది. సమృద్ధిగా ఉన్న ఫీడ్‌బ్యాక్ అన్నింటినీ అణచివేస్తుంది. కొద్దిగా దిద్దడం అసలు దిద్దకపోవడం కంటే కొన్ని సందర్భాల్లో ప్రమాదకరమన్న ఈ ఫలితం పాఠపరిష్కర్తలకు ఆశ్చర్యం కలిగించదు.

7. చెవిని సాక్షిగా పిలవడం

సంఖ్యపై నమ్మకం సడలినప్పుడు చెవి ఒక్కటే ప్రమాణమన్న వాదం బలపడటం సహజం. కాని చెవికి పక్షపాతం ఉంటుంది. యంత్రం పేరు, ధర, వాల్వుల వెలుగు శ్రోత తీర్పును ప్రభావితం చేస్తాయి. కొద్దిగా ఎక్కువ బిగ్గరగా వినిపించినదే మెరుగ్గా తోస్తుంది. అందుచేత చెవి సాక్ష్యాన్ని కూడా షరతులకు లోబరచవలసి వచ్చింది.

1969 ఏప్రిల్ ‘వైర్‌లెస్ వరల్డ్’లో జె.ఎల్. లిన్స్‌లీ హుడ్ 10 వాట్ల సరళమైన క్లాస్-ఎ ఆంప్లిఫయర్‌ను ప్రచురించాడు. ఇందులో ట్రాన్సిస్టర్లు నాలుగే. విద్యుత్తు ఎప్పుడూ ప్రవహిస్తూనే ఉంటుంది కనుక క్రాస్‌ఓవర్ తొట్రుపాటు లేదు. దానికి బదులు వేడి ఎక్కువ. తన నిర్మాణాన్ని పోల్చి చూడటానికి ఆయన తీసుకొన్న ప్రమాణం ఇరవై రెండేళ్ల క్రితపు విలియంసన్ ఆంప్లిఫయరే.

1978లో క్వాడ్ సంస్థ కోరగా జేమ్స్ మోయిర్ నిర్వహించిన పరీక్ష మరింత కట్టుదిట్టమైనది. 1953 నాటి వాల్వుల క్వాడ్ 2, 1967 నాటి ట్రాన్సిస్టర్ల క్వాడ్ 303, 1975 నాటి క్వాడ్ 405 అనే మూడింటిని, ఏది ఏదో తెలియకుండా అనుభవజ్ఞులైన శ్రోతలకు వినిపించారు. ధ్వని స్థాయిలను సమానం చేశారు. శ్రోతల తీర్పులు కేవలం ఊహించి చెబితే వచ్చే ఫలితాలకు భిన్నంగా లేవని ఆ ఏడాది జులై ‘వైర్‌లెస్ వరల్డ్’ నివేదించింది.

ఈ ఫలితాన్ని జాగ్రత్తగా చదవాలి. పరీక్ష చేయించినది ఆ మూడు యంత్రాల తయారీదారే. మూడూ ఒకే రూపకర్త నిర్దేశంలో వచ్చినవి, మూడూ తమ శక్తి పరిధి దాటకుండా పనిచేశాయి. అందువల్ల అన్ని ఆంప్లిఫయర్లూ ఒకటేనన్న నిర్ణయానికి ఇది ఆధారం కాదు. సక్రమంగా రూపొందించి, పరిధిలో నడిపినప్పుడు వాల్వుకూ ట్రాన్సిస్టర్‌కూ మధ్య సహజమైన శ్రావ్యతా భేదం ఉందన్న నమ్మకాన్ని మాత్రం ఇది బలంగా ప్రశ్నించింది.

8. ముగింపు

పై పరిశీలన నుంచి మూడు అంశాలు తేలుతున్నాయి.

మొదటిది, ఆంప్లిఫయర్‌లో విధేయత నిర్దుష్టమైన భాగాల వల్ల రాలేదు. ఫలితాన్ని మూలంతో నిరంతరం పోల్చే ఏర్పాటు వల్ల వచ్చింది. అయితే బ్లాక్ సూత్రం ఒక్కటే చాలలేదు. విలియంసన్ ముందుగా మంచి ఆంప్లిఫయర్‌ను నిర్మించి, ఆ తరువాతనే దిద్దుబాటు పెట్టాడు.

రెండోది, వక్రీకరణ శాతం అన్న కొలత 1947లో ఎంత ఉపయోగపడిందో 1960 దశకంలో అంత తప్పుదారి పట్టించింది. మారినది కొలత కాదు, కొలిచిన వస్తువు స్వభావం. వాల్వు దోషాలకు సరిపోయిన ప్రమాణాన్ని ట్రాన్సిస్టర్ దోషాలకు యథాతథంగా అన్వయించడమే పొరపాటు. పద్య లక్షణాలతో వచన కవితను కొలిచినప్పుడు వచ్చే చిక్కు వంటిదే ఇది. దీనికి పరిష్కారం కొలతను విడిచిపెట్టడంలో దొరకలేదు. షార్టర్, ఒటాలా, బాక్సండాల్, మోయిర్ వంటి వారు తలా ఒక దిశలో కొలతను మెరుగుపరిచారు.

మూడోది, ఈ చరిత్ర యావత్తూ ప్రచురిత వ్యాసాల్లో నడిచింది. సర్క్యూట్, కొలతలు, షరతులు, లోపాలు నలుగురి ముందు ఉంచిన రచనలే తరువాతి పనికి పునాది అయ్యాయి. లక్షణ నిర్వచనం, నిర్మాణ వివరణ, పరీక్షాఫలితం, పాఠకుల ఆక్షేపణ, రచయిత సవరణ అన్న క్రమంలో సాగిన ఈ వచన ప్రక్రియను సాహిత్య విద్యార్థులు కూడా ఒక రచనా విధానంగా అధ్యయనం చేయదగును. తెలుగులో శాస్త్ర, సాంకేతిక వచనం ఏ లక్షణాలను సంతరించుకొంది, అది పాఠకుడికి సరిచూసుకొనే అవకాశాన్ని ఎంతవరకు ఇస్తోంది అన్న ప్రశ్నతో మన పత్రికలను, పాఠ్యగ్రంథాలను పరిశీలించడం ఈ దిశలో తొలి అడుగు కాగలదు.